ఒక్క మాట పెట్టుబడి

"మామయ్యా, మీకు ఇంగ్లీషంతా అక్కర్లేదు. 'రియల్లీ' ఒక్కటి చాలు," అంది కోడలు. "సాఫ్ట్‌కి ముందు తగిలిస్తే చాలా మెత్తన అని. కనుబొమ్మ ఎత్తి అంటే నిజంగానా అని. తలూపుతూ అంటే నిజమేనండీ అని."

పరుపుల వ్యాపారికి లెక్క నచ్చింది. పెట్టుబడి ఒక్క మాట, రాబడి మూడు రకాలు.

పైదేశపు హోటళ్ల కంపెనీ మనిషి ఆ పూట సరుకు చూడ్డానికి వస్తున్నాడు. తెలుగు ముక్క రాదట. గోదాములో అమ్ముడుపోని పరుపులు కప్పుకు తగులుతున్నాయి. ఈ ఆర్డరు తప్పితే దుకాణానికి తాళమే.

చెప్పిన వేళకే కోటూ టైతో ఒక మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. వ్యాపారి ఎదురెళ్లి చెయ్యి కలిపాడు.

"రియల్లీ వెల్కమ్."

"థాంక్యూ, థాంక్యూ."

వ్యాపారి ఒక పరుపును అరచేత్తో తట్టాడు. "రియల్లీ సాఫ్ట్."

"అబ్సల్యూట్లీ," అన్నాడు కోటు మనిషి.

ఇది కోడలు నేర్పని మాట. రియల్లీకి పెద్దన్నలా ఉంది. వ్యాపారి కాస్త తడబడి కనుబొమ్మ ఎత్తాడు.

"రియల్లీ?"

"అబ్సల్యూట్లీ."

పడుకోమని సైగ చేస్తే పడుకున్నాడు. బోర్లా అంటే బోర్లా. ఎగిరి చూడమంటే బూట్లు విప్పి, టై భుజం మీద వేసుకుని మరీ ఎగిరాడు. దిగి, చెమట తుడుచుకుని, "అబ్సల్యూట్లీ" అన్నాడు.

వ్యాపారికి వింతగా తోచింది. కుట్టు వదులనో, గుడ్డ పల్చననో వంక పెట్టకుండా బేరానికి దిగినవాణ్ణి తన జన్మలో చూడలేదు. పెద్ద కంపెనీల మర్యాద ఇలాగే ఏడుస్తుంది కాబోలని సరిపెట్టుకున్నాడు.

గుండె చిక్కబట్టుకుని గోదాము తలుపు తెరిచాడు. కోటు మనిషి మూలమూలా ఆశగా కలయజూశాడు. వ్యాపారి రెండు చేతులూ బార్లా చాచాడు.

"ఆల్... రియల్లీ?"

కోటు మనిషి ముఖం చాటంతయింది. వ్యాపారి చేతులు పట్టుకుని ఊపేశాడు.

"అబ్సల్యూట్లీ, సార్. అబ్సల్యూట్లీ."

ఆ సంబరంలో వ్యాపారికి వచ్చిన ఇంగ్లీషూ పోయింది. లోపలికి కేకేశాడు.

"అమ్మాయ్, బేరం కుదిరిందమ్మా. టీలో ఇంకో చెంచా చక్కెర వెయ్యి."

"హమ్మయ్య, మీరు తెలుగువారేనా, ముందే చెప్పొద్దూ బాబాయ్," అంటూ కోటు మనిషి టై వదులు చేసుకుని, "ఇంతకీ మా వాక్యూమ్ క్లీనర్లు ఎన్ని రాసుకోమంటారు?" అన్నాడు.