ఎండుచేపల అరుగు

కాసమ్మ ఇసుకలో ఆరబెట్టిన నెత్తళ్ల చేపల మీద వైకుంఠరావు దగ్గరుండి బకెట్టెడు ఫినాయిల్ పోయించాడు.

"ఈ కంపుకి నా హోటల్లో కిటికీ తెరవలేకపోతున్నాం" అన్నాడు. బరంపురం నుంచి వచ్చి గోపాల్‌పూర్ ఒడ్డున ఆ హోటల్ కొని రెండు నెలలు కాలేదు. అప్పుడే సముద్రం కూడా తన పేరనే రాయించుకున్నట్టు మాట్లాడుతున్నాడు.

కాసమ్మకు మూడు రోజుల రెక్కల కష్టం బూడిదలో పోసినట్టయింది. అయినా తిట్టలేదు. "సూస్తాను బాబూ" అంది.

మర్నాడే మున్సిపాలిటీ ఇంజనీరు శరత్ చంద్ర టేపు పట్టుకుని వచ్చాడు. హోటల్‌కి రెండు పక్కలా ఏళ్లుగా చెత్తకుప్పై పడి ఉన్న ఒడ్డును బాగుచేసి జనానికి ఇస్తారట. నడకదారి, బెంచీలు, ఎండుచేపల వాళ్లకి సిమెంటు అరుగు.

"అరుగు ఎక్కడ కావాలమ్మా?" అని అడిగాడు.

కాసమ్మ అతని ముందు కూలబడింది. "దచ్చినం పక్కే కట్టండి బాబూ. మా అత్త కాలం నించీ ఆడే ఎండబెడతన్నాం. ఉత్తరం పక్క మాత్రం వొద్దు, మీ కాళ్లట్టుకుంటాను."

పక్కనే నిలబడ్డ వైకుంఠరావుకి ఆ ఏడుపు చెవులకు ఇంపుగా ఉంది. "ఉత్తరం పక్కే కట్టండి సార్. కంపంతా దక్షిణం నుంచే కొడుతోంది. కావాలంటే సిమెంటు నేనిస్తాను" అన్నాడు.

ఊరికే వచ్చే సిమెంటు. ఇంజనీరు సరేనన్నాడు. కాసమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

వైశాఖంలో అరుగు పూర్తయింది. దాత వైకుంఠరావు అని పాలరాయి కూడా అతికించారు. ఆ రోజు హోటల్ కిటికీలన్నీ తెరుచుకున్నాయి. వాసనన్నదే లేదు. అతను బాల్కనీలో నిలబడి, "బాగుందా కాసమ్మా" అని కేకేసి నవ్వాడు.

కోడలు ఉషారాణి పళ్లు నూరింది. "ఆడి పంతమే నెగ్గింది. నువ్వేటత్తా, నవ్వుతన్నావు?"

కాసమ్మ నెత్తళ్లు పరుస్తూ అరుగుని అరచేత్తో తట్టింది. "గట్టిగా కట్టినాడా?"

"పలుగెట్టి పొడిసినా పగల్దు."

"అయితే సాలు. దీపావళికి ఆడి గదులన్నీ నిండుతాయి, అప్పుడే ఉత్తరం నించి గాలి మొదలవుతాది."