పదిహేడో నంబరు

ఆలూరు దాటాక ఉన్న ఆ సబ్‌స్టేషన్‌లో ఉమామహేశ్వరకు వరుసగా అది మూడో రాత్రి డ్యూటీ. నిద్ర లేక చేతులు తనవి కానట్టే ఉన్నాయి. ఎనిమిదింటికి లైన్‌మన్ జ్ఞానరాజు తీగల మీద పనికి అనుమతిగా లైన్ క్లియర్ నంబరు తీసుకుని, కరెంటు ఆపించి, చర్చి పక్క స్తంభం ఎక్కాడు. ఎక్కినవాడు దిగి, తన నోటితో ఆ క్లియర్ నంబరు చెప్పేదాకా మళ్లీ కరెంటు వెయ్యకూడదు. కిటికీలోంచి చూస్తే చీకట్లో అతని టార్చి ఒక్కటే, స్తంభం ఎత్తున.

కంట్రోల్ రూమ్ నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. గాలిమరల కరెంటు పొంగుతోంది, ఆపిన లైను వేసి లోడు పెంచకపోతే గ్రిడ్ కూలి జిల్లాలన్నీ చీకటవుతాయట.

మూడోసారి చేసింది జ్ఞానరాజు.

"దిగినా ఉమన్నా. ఇంటికాడ అన్నం తింటాండా. ఇంగ కరెంటెయ్యి."

"నంబరెంతప్పా?"

"పదిహేడు."

రిజిస్టర్‌లోనూ పదిహేడే. బయట గాలికి పైకప్పు రేకులు దడదడలాడుతున్నాయి. ఫోన్‌లో మాత్రం గాలి లేదు, గిన్నె చప్పుడు లేదు, ఊపిరి కూడా లేదు. ఉమామహేశ్వర కిటికీ వైపు తిరిగాడు. టార్చి ఇంకా స్తంభం మీదే ఉంది.

"జ్ఞానరాజూ, యాడుండావప్పా?"

"ఇంట్లోనే అన్నా. కరెంటొచ్చిందిలే. ఫ్యాను తిరుగుతాండాది."

ఉమామహేశ్వర కిందికి చూశాడు. బొటనవేలు స్విచ్చి మీద ఉంది. కరెంటు వేసినట్టు ఎర్రదీపం వెలుగుతోంది. తను నొక్కినట్టు గుర్తు లేదు.

ఊరంతా దీపాలొచ్చాయి. స్తంభం మీద టార్చి మెల్లగా అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది.