నాణేల గదిలో తేమ

"ప్లాస్టిక్ ఆల్బమ్ వద్దండీ, నాణేలకు పచ్చ మచ్చలొస్తాయి" అని, పాత నాణేలు సేకరించే పళ్ళ డాక్టరుగారికి మంచి అట్ట ఆల్బములు అమ్మాను. అక్కడితో ఊరుకోవాల్సింది. తేమ తగలకూడదని కూడా నోరు జారాను.

ఆయన నన్ను ఇంటికి లాక్కెళ్ళి, తేమ మీటరు పట్టుకుని గదులన్నీ తిప్పారు. వంటిల్లు పనికిరాలేదు, హాలూ పనికిరాలేదు. పడకగది పరవాలేదు గానీ, అక్కడ ఇద్దరు ఊపిరి పీలుస్తున్నారు.

"నువ్విక్కడ కాస్త తక్కువ మాట్లాడు. నోటి ఆవిరి" అన్నారు భార్యతో.

"అసలు నేనే లేకపోతే ఇంకా పొడిగా ఉంటుంది కదండీ" అని ఆవిడ పెట్టె సర్దుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా ఆయన ఫోను. "ఆల్బములు మార్చాలయ్యా. మనిషి లేకపోయినా తేమ పెరిగింది."

వెళ్ళి చూశాను. మీటరులో తేమ మామూలుగానే ఉంది. నాణేలు ముట్టుకోవడానికి ఆయన వేసుకునే తెల్ల చేతి తొడుగులే తడిసి ముద్దయ్యాయి. మాట్లాడుతూనే వాటితో మళ్ళీ కళ్ళు ఒత్తుకున్నారు.

"ఈ తేమకు నా దగ్గర ఆల్బమ్ లేదండీ. వెళ్ళి ఆవిడను తీసుకురండి" అన్నాను.

ఆయన మీటరు కేసి అనుమానంగా చూశారు. "ఆవిడొస్తే ఇంకెంత పెరుగుతుందో?"

"తగ్గుతుందండీ."