మూడు గొంతుల తాళం

ఇళ్లకు పాటల తాళాలు వచ్చాక హైమావతికి గడప దాటడమే గగనమైపోయింది. ముగ్గురు మూడు స్వరాలు ఒకేసారి పలికితే ఒక కార్డ్. అలాంటివి నాలుగు కొత్తగా కూర్చి పాడితేనే తలుపు తెరుచుకుంటుంది. లోపలికైనా, బయటికైనా అంతే.

ఆవేళ మొగుడూ అత్తగారూ తనతో కలిసి పాడి పెళ్లికి వెళ్లారు. తెరిచిన తలుపుకి చెప్పు అడ్డం పెట్టి, హైమావతి చెత్త పారేసి వచ్చేసరికి గాలికి తలుపు మూసుకుపోయింది. లోపల పొయ్యి మీద పాలు. గుమ్మంలో ఇద్దరు దొంగలు, మూడో గొంతు లేక దిగాలుగా నిలబడి ఉన్నారు.

"మధ్య స్వరం అందుకుంటారా అమ్మా?" అన్నాడు లావుపాటివాడు మొహమాటంగా.

"కానివ్వండి, పాలు పొంగిపోతున్నాయి!"

ముగ్గురూ పాడారు. "ఊరంతా ఇదే పాడుతోంది," అని తాళం ఆవులించింది.

హైమావతికి ఒళ్లు మండింది. "ఆఖరి కార్డ్ ఎప్పుడూ బుద్ధిగా ఇంటికి, అదే, మొదలైన స్వరానికే చేరాలా? మూడోదాన్ని కాస్త ఏడిపించి, నాలుగోదాన్ని వీధిలోనే వదిలేద్దాం."

ఈసారి తాళం "ఆహా!" అంది. ముగ్గురూ లోపలికి పరిగెత్తారు. వెనకే తలుపు మూసుకుంది. పాలు అప్పటికే మాడిపోయాయి.

దొంగలు వెండి సామాను మూటగట్టి, తలుపు ముందు నిలబడి గొంతులు సవరించుకున్నారు. "అమ్మా, మీ స్వరం..."

హైమావతి మాడిన గిన్నె వాళ్ల చేతిలో పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ముందు ఇది తోమండి. తర్వాత ఆ వెండి కూడా తోమి, ఎక్కడివక్కడ సర్దండి. అంతదాకా నాకు గొంతు పెగలదు."