కొబ్బరినీళ్లు తాగిన చక్రం

సుత్తి దెబ్బకి కారు వెనక చక్రం హబ్ కదల్లేదు. అవినాష్ చెయ్యి మాత్రం అదిరింది.

"మామయ్యగారూ, మీరు దీన్ని సరిగ్గా చూసుకున్నట్టు లేరండీ. తుప్పుతో బిగుసుకుపోయింది."

తెల్లాపూర్ అపార్టుమెంటు సెల్లార్‌లో తన పాత ఫియట్ పక్కన నిలబడి రామచంద్రం నవ్వాడు. "ఖాజాగూడ నుంచి నేనే నడుపుకుంట తెచ్చి నీ చేతుల వెట్టిన. మర్చినవా?"

"రీస్టోర్ చేస్తానన్నాను కదండీ. హెరిటేజ్ అది!"

"అయిదేండ్ల సంది గదే అంటున్నవ్."

అవినాష్ కసిగా ఇంకో దెబ్బ వేశాడు. హబ్ ఊడొచ్చింది. ఎర్రటి తుప్పు పొడి రాలింది. హబ్ మీద పసుపు, కుంకుమ అట్టలు కట్టి ఉన్నాయి.

"ఇదేంది అల్లుడా?"

"ఏటా దసరాకి పూజ చేస్తానండీ. నాలుగు చక్రాలకీ కొబ్బరినీళ్లతో అభిషేకం."

"ఒక్కపారన్న నడిపినవా?"

"ట్రాఫిక్‌లో గీతలు పడతాయని..."

రామచంద్రం బానెట్ మీద చెయ్యి వేశాడు. "నడిచే బండికి దండేస్తే దసరా అంటరు. నడవనిదానికి ఏస్తే ఏమంటరో తెల్వదా?" అని లిఫ్టు వైపు వెళ్లిపోయాడు.

అవినాష్ ఫోన్లో, పోయిన దసరాకి ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫొటో తెరిచాడు. కారుకి బంతిపూల దండ, ముందు అగరొత్తులు. పైన తను రాసిన మాట: 'మామగారి జ్ఞాపకం'. కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలే పెట్టారు. ఆఫీసులో ఎవరో 'ఓం శాంతి' అని కూడా రాశారు.

అన్నిటితోపాటు దానికీ అవినాష్ లైక్ కొట్టి ఉన్నాడు.