రోజుకో నిమ్మకాయ

“తొమ్మిదో కౌంటరుకా? కుక్కల తిండి పక్కకా?” అడిగింది తోటి క్యాషియర్ థూయ్.

“కుక్కలైతే కుర్చీ అడగవుగా,” అంది నోలీన్, తన సంచీ తీసుకుంటూ.

నోలీన్‌ది ఎడమవైపు పెట్టుడు కాలు. ఆస్ట్రేలియాలోని జీలాంగ్ నగరంలో, ఆ సూపర్‌మార్కెట్‌లో పదకొండేళ్లుగా మొదటి కౌంటరు దగ్గర ఎత్తు కుర్చీ మీద కూర్చుని బిల్లులు వేసింది. రెండు నెలల క్రితం వచ్చిన మేనేజరు గార్త్ ఆ కుర్చీ తీయించేశాడు. కూర్చుంటే కొనేవాళ్ల కంటికి బద్ధకంగా కనిపిస్తుందట. ఆమె వివక్ష ఫిర్యాదుల కమిషన్‌కు రాసింది. ఆ కబురు గార్త్‌కు అందిన మర్నాడే ఆమెను చివరి కౌంటరుకు మార్చాడు. అక్కడా నిలబడే.

“ఇది కక్ష సాధింపు. దీని మీద కూడా రాయి,” అంది థూయ్.

“రాశాను. విచారణకు పిలవడానికి మూడు నెలలు పడుతుందట. అప్పటిదాకా కాలు ఓర్చుకోవాలి.”

“ఏ కాలు?”

“సొంతది. రెండోదానికి గ్యారంటీ ఉంది.”

ఇలాగే నిలబడితే నెల తిరక్కముందే తనే ఉద్యోగం మానుకోవాల్సి వస్తుందని నోలీన్‌కు తెలుసు. గార్త్‌కూ తెలుసు.

మంగళవారం, గార్త్ భోజనానికి వెళ్లిన వేళ, బూడిదరంగు కోటు వేసుకున్న ఒక పెద్దావిడ వచ్చింది. బల్ల మీద ఒక్క నిమ్మకాయ పెట్టి, నోటుపుస్తకం తెరిచింది.

“ఎంతసేపటి నుంచి నిలబడ్డావు, అమ్మాయ్?”

“అయిదు గంటలు.”

“కుర్చీ ఎవరు తీశారు?”

“మేనేజరు గారు.”

ఆవిడ రాసుకుని వెళ్లిపోయింది. బుధవారం మళ్లీ వచ్చింది. గురువారం మళ్లీ. రోజుకో నిమ్మకాయ, రోజుకో పేజీ.

“కమిషన్ మనిషే,” గుసగుసలాడింది థూయ్. “ఒక్క నిమ్మకాయ కోసం రోజూ బస్సెక్కి ఎవరొస్తారే?”

శుక్రవారం గార్త్ తిరిగొచ్చేదాకా ఆవిడ కదల్లేదు. ఆవిడను చూడగానే అతను బయటికొచ్చిన చొక్కాను గబగబా లోపలికి దోపుకున్నాడు. ఆవిడ పేజీ చింపి అతని చేతిలో పెట్టి, నాలుగో నిమ్మకాయ సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

పది నిమిషాల్లో గార్త్ స్వయంగా కుర్చీ మోసుకొచ్చి మొదటి కౌంటరు దగ్గర వేశాడు.

“కూర్చో, నోలీన్. ఇక నీ చోటు ఇదే.”

“కూర్చుంటాను. ఫిర్యాదులు మాత్రం వెనక్కి తీసుకోను.”

“తీసుకోమనలేదుగా,” అన్నాడతను నీరసంగా.

వెనుదిరిగి వెళ్తుంటే అతని జేబులోంచి ఆ కాగితం జారింది. థూయ్ అందుకుంది.

“ఏ సెక్షన్ కింద పట్టుకున్నారో చదువు,” అంది నోలీన్.

థూయ్ పైకి చదివింది.

“కుర్చీ ఇచ్చేదాకా ఆదివారం నిమ్మకాయ పుడ్డింగు నీకు లేదు. ఇట్లు, మీ అమ్మ.”