గోడ మీది పిడుగమ్మ

ఓబుళమ్మ వాళ్ళవ్వ చిన్ననాట, పిడుగమ్మ అనే వీరనారి బొమ్మల పుస్తకంలో కొంగు బిగించి కొండలెత్తేది. వాళ్ళమ్మ నాటికి ప్యాంటు తొడిగి ఆకాశంలో ఎగిరింది. ఇప్పుడు ప్రతి ఇంట్లోని మాట్లాడే తెరగోడ ఆ ఇంటి తీరు కనిపెట్టి, దానికి తగ్గ పిడుగమ్మను రోజూ గీస్తోంది.

ఓబుళమ్మది కంకర మిల్లులో పని. దుమ్ముకు విరుగుడని అక్కడిచ్చే బెల్లంలో సగం కూతురు లిఖితకు తెస్తుంది. తన ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి, ఇక ఎన్నాళ్ళో లేవని డాక్టరు చెప్పిన మాట మాత్రం పిల్ల దగ్గర దాచింది.

"అమ్మా, ఈపొద్దు పిడుగమ్మ ఎగరలేదు. దగ్గి దగ్గి కూలబడింది. సచ్చిపోతాదా?"

ఓబుళమ్మ గోడ వైపు తిరిగింది. "దానికేం రోగం! మా అవ్వ నాటి పిడుగమ్మను గియ్యవే," అని గోడను కసిరింది.

"ఈ ఇంట్లో అట్లాంటి మనిషి లేదక్కా," అంది గోడ మెత్తగా.

ఆనాటి నుంచి ఓబుళమ్మ దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకునేది. గోడకు చెవులుంటాయనుకుందే గాని కళ్ళూ ఉంటాయని తలచలేదు.

ఒక సాయంత్రం ఇల్లు చేరేసరికి గోడ మీద పిడుగమ్మ నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుని ఉంది. లిఖిత బొమ్మను చూడటం లేదు, తల్లినే చూస్తోంది. తన చేతికిచ్చిన బెల్లం ముక్కను తిరిగి తల్లి చేతిలోనే పెట్టింది.

"నువ్వే తినమ్మా."